‘ఇఫ్’ అను చిన్నమాట



నేటి ప్రసంగమునకు ఆంగ్లవ్యాకరణము విషయముగా ఏర్పడినది. గ్రామమునందు పెద్దఱికము వహించి, కాగితము పత్రము చూచి నలుగురికి సలహా చెప్పెడి మీకు ఆంగ్లవ్యాకరణముతో ఏమి పని యని కొందఱికి తోచవచ్చును. మీకు ఆంగ్లము నేర్పుటకై నేను ఈ సమయమును వినియోగింపను. పావుగంటలో ఏ భాషయు రాదు. ఒక్క చిన్నమాటను గూర్చియు, దానివెంట వచ్చు క్రియల వేషములను గూర్చియు మాత్రమే మనవి చేసెదను. ఆ మాట ‘ఇఫ్’. గ్రంథములలో ‘అయినచో’ అనియు, వాడుకలో ‘అయితే’ అనియు మనము దానిని చెప్పుకొందుము.

ఈ మాట మీ యింటికి రాకుండ ఉండదు. బ్యాంకువారి ఋణపత్రములో ఉండును. బీమా కాగితములో ఉండును. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్న మీ మనుమనికి వచ్చు జవాబులో ఉండును. పార్లమెంటు వేఱొక విధముగా శాసించునంత వఱకు సుప్రీముకోర్టులోను, హైకోర్టులలోను వ్యవహారము ఆంగ్లముననే నడువవలెనని మన రాజ్యాంగము 348వ అధికరణమున చెప్పుచున్నది. కావున భూమి తగవు పైకోర్టుకు పోయినచో, ‘ఇఫ్’ అను మాట మీ చేనిగట్టు మీదికి వచ్చి కూర్చున్నట్లే. దానిని చదివి చెప్పువాడు అర్థము తాఱుమాఱు చేసిన, నష్టపోవువాడు చదివినవాడు కాడు, విని నమ్మినవాడు.

ఈ మాటకు గల బలమును తెలుపు పాతకథ యొకటి కలదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున మాసిడోనియా దేశమును ఏలిన ఫిలిప్పు, అనగా అలెగ్జాండరు తండ్రి, గ్రీకుదేశమునందలి స్పార్టావారికి ఒక బెదిరింపు పంపెనట. తాను వారి దేశమున అడుగుపెట్టినచో వారిని నిలువనీయనని దాని సారాంశము. స్పార్టావారు మితభాషులు. వారు పంపిన ప్రత్యుత్తరమున ఒక్కటే మాట ఉండెను. అది ‘ఇఫ్’ అనుదానికి సమానమైన వారి భాషలోని పదము. ‘అడుగుపెట్టినచో కదా, ముందు ఆ పని కానిమ్ము’ అని దాని భావము. ప్లూటార్కు అను గ్రంథకర్త ఈ కథను వ్రాసియుంచెను.

మన తెలుగున ఒక్క మాటతో ఇట్టి జవాబు చెప్పుట కుదురదు. ఏలయన ‘ఇఫ్’ ప్రత్యేకపదమై వాక్యము మొదటనే నిలుచును. మన ‘చో’ గాని, ‘తే’ గాని క్రియకు తోకవలె అంటుకొని వచ్చును. ‘వచ్చినచో’, ‘వస్తే’ అనుటయే కాని, ‘చో’ అని విడిగా పలికిన ఎవరికిని అర్థము కాదు. ఇట్టి క్రియారూపమునకు మన వైయాకరణులు చేదర్థకమని పేరిడిరి. ‘చేత్’ అనగా సంస్కృతమున ‘అయినచో’ అని అర్థము. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున ఈ పేరు కానవచ్చును. కావున నేను చెప్పబోవు సంగతి మీకు క్రొత్తది కాదు. మీరు పుట్టినది మొదలు పలుకుచున్నదే.

ఇక పొలములోనికి రండు. అక్కడ ఈ సంగతి సులభముగా తెలియును.

ఆషాఢము వచ్చినది. పడమట మబ్బు పట్టినది. రైతు ‘వాన కురిసినచో దున్నుదును’ అనును. దీనినే ఆంగ్లమున ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ ప్లౌ’ అందురు. ఇందు తలుపు తెఱచియున్నది. వాన రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినయెడల దున్నుట నిశ్చయము. ఇక్కడ ఒక విశేషమును గమనింపుడు. వాన ఇకముందు కురియవలసినదే అయినను, ఆంగ్లమున ‘ఇఫ్’ తరువాత భవిష్యత్తును తెలుపు ‘విల్’ పెట్టరు. ‘రెయిన్స్’ అని వర్తమానరూపమునే వాడుదురు. మన బాలురు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని వ్రాసి పరీక్షలలో మార్కులు పోగొట్టుకొనుచుందురు. నిజమునకు తెలుగునందును మనము ఇచ్చట భవిష్యత్తును వాడము. ‘కురియబోవుచో’ అనము, ‘కురిసినచో’ అందుము. ‘కురిసిన’ అనునది రూపమున భూతకాలము, అర్థమున రాబోవునది. ఈ సంగతి బాలునకు ఒక్కసారి చూపినచో వాడు మఱల తప్పు వ్రాయడు.

రెండవ సందర్భము. వైశాఖపు ఎండలు మండుచున్నవి. ఆకాశమున మబ్బుతునుక యైనను లేదు. రైతు చేను వంక చూచి, ‘ఇఫ్ ఇట్ రెయిన్డ్, ఐ వుడ్ ప్లౌ’ అనును. ‘రెయిన్స్’ పోయి ‘రెయిన్డ్’ వచ్చినది. ‘విల్’ పోయి ‘వుడ్’ వచ్చినది. ‘రెయిన్డ్’ అనునది భూతరూపమే కాని, నిన్న కురిసిన వానను గూర్చి రైతు చెప్పుట లేదు. వాన యనునది కురియుటంటూ ఉన్నచో దున్నుదునే కాని, ఆ జాడ కనబడుట లేదని భావము. తలుపు దగ్గఱగా వేసియున్నది.

మూడవ సందర్భము. అదను దాటిపోయినది. చేను బీడువడినది. ఇప్పుడు రైతు, ‘ఇఫ్ ఇట్ హాడ్ రెయిన్డ్, ఐ వుడ్ హావ్ ప్లౌడ్’ అనును. వాన కురిసియుండినచో దున్నియుందునని అర్థము. వానయు లేదు, దుక్కియు లేదు. తలుపు మూసి గడియ వేసినారు.

ఈ మూడు వాక్యములను వరుసగా పెట్టి చూచిన ఒక మర్మము బయటపడును. క్రియ కాలమున ఒక్కొక్క మెట్టు వెనుకకు పోయినకొలది, చెప్పిన సంగతి నిజమునకు ఒక్కొక్క మెట్టు దూరమగును. అనగా ఆంగ్లమున ‘ఇఫ్’ వెంట వచ్చు భూతరూపము తఱచుగా గడచిన దినమును కాక, జరుగని సంగతిని తెలుపుచున్నది. ‘విల్’ ఉన్నచోట మాట నిలిచియున్నది. ‘వుడ్’ ఉన్నచోట మాట వెనుకకు తీసికొనబడినది. నేటి నా ప్రసంగములో జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటే యైనచో, అది ఇదియే.

ఇది ఆంగ్లేయుల వింత కాదు. మన రైతు అదను తప్పిన పిదప అరుగుమీద కూర్చుండి ఏమనును? ‘వాన పడివుంటే దున్నేవాణ్ణి’ అనును. గ్రంథభాషలో ‘దున్నెడివాడను’ అని ఆ రూపము. ఇదే రైతు మఱొకప్పుడు, ‘మా నాయన బ్రతికున్న రోజుల్లో ఏటేటా ఆ చేను దున్నేవాణ్ణి’ అనును. మొదటి వాక్యమున అతడు దున్నలేదు. రెండవ వాక్యమున ఏటేట దున్నినాడు. రూపము మాత్రము ఒక్కటే. గడచిన అలవాటును చెప్పు రూపముతోనే మనము జరుగని పనిని చెప్పుచున్నాము. ఆంగ్లపు ‘వుడ్’ సరిగా ఈ రెండు పనులును చేయును. ‘ఎవ్రీ ఇయర్ హి వుడ్ ప్లౌ’ అనిన, ఏటేట దున్నెడివాడని అలవాటు. ‘ఇఫ్’ తోడు వచ్చినచో జరుగని సంగతి. ఒకదానికొకటి చుట్టఱికము లేని రెండు భాషలు ఒకే త్రోవను నడచినవి.

సంస్కృతము చదివిన పెద్దలకు ఇంకను స్పష్టముగా చెప్పవచ్చును. పాణిని లకారములలో లృఙ్ అనునది యొకటి. క్రియ నెఱవేఱక తప్పిపోయినప్పుడు దానిని వాడవలెను. ఈ తప్పిపోవుటకు క్రియాతిపత్తి యని పేరు. దాని నిర్మాణమును చూడుడు. ‘భవిష్యతి’ అనగా కాగలదు. ‘అభవత్’ అనగా అయినది. ‘అభవిష్యత్’ అనగా అయియుండెడిది, కాని కాలేదు. భవిష్యత్తునకు చెందిన అంగమును తీసికొని, దానికి ముందు భూతకాలపు గుర్తగు అకారమును చేర్చిరి. ఆంగ్లమున ‘విల్’ భవిష్యత్తును చెప్పును. ‘వుడ్’ అనునది ఆ ‘విల్’ యొక్క భూతరూపము. భవిష్యత్తునకు భూతకాలపు అంగీ తొడిగిన, కావలసియుండి కానిది అగుచున్నది. రెండు భాషలయందును ఆలోచన ఒక్కటియే. లృఙ్‌నకు మన వైయాకరణులు పరంపరగా చెప్పు ఉదాహరణము కూడ మంచి వానను, మంచి పంటను గూర్చినదే. వాన లేక పంట పోయిన దుఃఖము వ్యాకరణమునకు సైతము పాఠము నేర్పినది.

ఇక ఈ భేదము తెలియకపోవుటవలన కలుగు చిక్కును చెప్పెదను. మా ప్రాంతమున నాకు వరుసకు మామగారగు పెద్ద యొకరు ఉన్నారు. వారి మనుమడు ఒక చిన్న పనిలో కుదురుకొని, అంతకంటె మేలైన ఉపాధ్యాయ పదవికై దూరపు పట్టణమునందలి ఒక పాఠశాలకు దరఖాస్తు పెట్టెను. జవాబు వచ్చినది. అందు, ‘వుయ్ వుడ్ గ్లాడ్లీ అపాయింట్ యు, ఇఫ్ యు హెల్డ్ ఎ టీచింగ్ డిగ్రీ’ అని ఉన్నది. ఇంటిలోనివారు ‘గ్లాడ్లీ’ అనుమాటను, ‘అపాయింట్’ అనుమాటను చూచి, పదవి వచ్చినట్లే యనుకొనిరి. ఉపాధ్యాయ శిక్షణపు పట్టము తరువాత సంపాదించుకొనవచ్చునని వారి ఊహ. ఉన్న పనికి రాజీనామా వ్రాసిరి. పిల్లవాడు చూచుకొనుచుండిన రెండెకరములను కౌలునకు ఇచ్చుటకు మాటలు సాగుచుండెను. పెద్దాయనకు మాత్రము ఎక్కడో సందేహము తగిలినది. ఉత్తరము పట్టుకొని నాయొద్దకు దయచేసిరి.

“అల్లుడూ, వీళ్లు ఇస్తామన్నట్టా, ఇవ్వమన్నట్టా?”

“ఇవ్వమన్నట్టే మామగారూ. మర్యాదగా చెప్పారు.”

“సంతోషంగా ఇస్తామని ఉన్నదటగా?”

“అక్కడ ‘విల్’ లేదండి, ‘వుడ్’ ఉన్నది. మీకు ఆ పట్టం ఉండివుంటే సంతోషంగా ఇచ్చేవాళ్లమే, లేదు గనుక ఇవ్వలేము అని అర్థం.”

వారు ఒక్క నిమిషము ఆలోచించి, “అంటే ‘ఉంటే ఇవ్వనా’ అన్నట్టు!” అనిరి.

ఇంతకంటె చక్కగా ఏ వ్యాకరణ గ్రంథమును చెప్పలేదు. అప్పు అడుగవచ్చినవానితో మనము ‘నా దగ్గఱ ఉంటే ఇవ్వనా’ అందుము. ఆ మాట విని పైకము వచ్చునని సంచి తెఱచి కూర్చుండువాడు ఊరిలో ఒక్కడును ఉండడు. లేదనుటకు అది మన మర్యాద. ఆంగ్లేయుల ‘వుడ్’ ఇట్టి మర్యాదయే. ఆ యుత్తరమున ‘వుయ్ విల్ అపాయింట్ యు, ఇఫ్ యు హోల్డ్’ అని ఉండినచో సంగతి వేఱు. అది షరతుతో కూడిన వాగ్దానము. ‘విల్’ స్థానమున ‘వుడ్’, ‘హోల్డ్’ స్థానమున ‘హెల్డ్’. రెండు చిన్న మాటలు మాఱుటచే వాగ్దానము నిరాకరణమైనది. రాజీనామా కాగితము ఇంకను ఇంటిలోనే ఉండుటచేత బాలుని జీవనము చెడలేదు.

అయితే ‘వుడ్’ కనబడినచోటనెల్ల నిరాకరణమే యనుకొనరాదు. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు సెంట్ ది పేపర్స్’ అని ఎవరైన వ్రాసిన, కాగితములు పంపవలసినదని ప్రార్థించుచున్నారని అర్థము. అడుగుట యందు వినయము చూపుటకై వారు క్రియను ఒక మెట్టు వెనుకకు దింపినారు. మన పెద్దలు ‘తమరు దయచేస్తే బాగుండేది’ అనునట్లే. కావున ఒక సూక్ష్మము గుర్తుంచుకొనుడు. ‘ఇఫ్’ తరువాతి పనిని మీరు ఇకముందు చేయుటకు వీలున్నచో అది వినయము కావచ్చును. లేని గుణమును, లేని అర్హతను, గడచిపోయిన అవకాశమును అది చెప్పుచున్నచో నిరాకరణము.

కొన్ని పత్రములలో ‘ఇఫ్’ అనుమాట కంటికి కనబడదు. బంగారము కుదువపెట్టి అప్పు తెచ్చుకొనువారు ఈ విషయమును శ్రద్ధగా వినుడు. ‘షుడ్ ది బారోయర్ ఫెయిల్ టు పే, ది బ్యాంక్ మే సెల్ ది గోల్డ్’ వంటి వాక్యము పత్రములో ఉండుట కలదు. బడిలో ‘షుడ్’ అనగా ‘వలెను’ అని నేర్పుదురు. ఆ అర్థమునే పట్టుకొనిన, ‘అప్పు తీసికొన్నవాడు చెల్లింపక మానవలెను’ అని విపరీతార్థము వచ్చును. పైగా క్రియ ముందుకు వచ్చుటచే ప్రశ్నవలె కనబడును. నిజమునకు అది ప్రశ్నయు కాదు, విధియు కాదు. ‘ఇఫ్’ను తీసివేసి, దాని చోటున ‘షుడ్’ను నిలిపినారు. ఒకవేళ చెల్లింపనిచో బ్యాంకు ఆ బంగారమును అమ్మవచ్చునని అర్థము. ఇట్లే ‘హాడ్ ఐ నోన్’ అనిన, నాకు తెలిసియుండినచో అని, తెలియలేదన్నమాట. ‘వర్ హి అలైవ్’ అనిన, అతడు జీవించియుండినచో అని, జీవించిలేడన్నమాట. ఈ మూడింటిలో ‘షుడ్’ మాత్రము తలుపు తెఱచియుంచును, తక్కిన రెండును మూసివేయును.

‘అన్‌లెస్’ అనునది మఱియొక మాఱువేషము. ‘అన్‌లెస్ ది ఇంటరెస్ట్ ఈజ్ పేడ్’ అనిన, వడ్డీ చెల్లింపనిచో అని అర్థము. లేదనుటకు వాడు ‘నాట్’ వాక్యములో ఎక్కడను కనబడదు. అది ‘అన్‌లెస్’ కడుపులోనే ఉన్నది. త్వరపడి చదువువాడు దానిని ‘చెల్లించినచో’ అని చెప్పిన, అర్థము తలక్రిందులగును. ‘ఈవెన్ ఇఫ్’ అనునది వేఱు. అది మన అప్యర్థకము. ‘చెల్లించినచో’ కాదు, ‘చెల్లించినను’ అని చెప్పవలెను.

ఇంతవఱకు ‘ఇఫ్’ సంగతి. దీనికి తోబుట్టువగు మఱొక రీతి కలదు. దానిని ఆంగ్ల వైయాకరణులు ‘సబ్జంక్టివ్ మూడ్’ అందురు. ఉన్న సంగతిని ఉన్నట్లు చెప్పుట ఒక రీతి. కోరిక, ఊహ, ఆజ్ఞ, దీవెన, ఇట్టి మనసులోని సంగతిని చెప్పుట మఱొక రీతి. ఈ రెండవదే సబ్జంక్టివ్. మన వ్యాకరణమున ఆశీరర్థకమని ప్రత్యేకరూపము కలదు కదా. ‘శుభము కలుగుగాక’ అందుము. శుభము కలిగెనని కాదు, కలుగవలెనని కోరిక. ఆంగ్లమున ‘గాడ్ బ్లెస్ యు’ అందురు. వాడుక క్రమమున ‘గాడ్’ అనుదానికి ‘బ్లెసెస్’ అని ఉండవలెను. అట్లన్నచో ‘దేవుడు నిన్ను దీవించుచున్నాడు’ అని వార్త యగును. చివరి అక్షరము తొలగి ‘బ్లెస్’ కాగానే ‘దీవించుగాక’ అని ప్రార్థన యైనది.

ఈ లోపించిన అక్షరము ఆజ్ఞలయందు చాల ముఖ్యము. ‘ది ఆఫీసర్ ఇన్‌సిస్ట్స్ దట్ హి పేస్ ది టాక్స్’ అనిన, అతడు పన్ను చెల్లించుచున్నాడని అధికారి గట్టిగా చెప్పుచున్నాడు. ‘పేస్’ బదులు ‘పే’ అనిన, అతడు పన్ను చెల్లించితీరవలెనని అధికారి పట్టుపట్టుచున్నాడు. మొదటిది సాక్ష్యము, రెండవది నిర్బంధము. ‘ఇట్ ఈజ్ ఆర్డర్డ్ దట్ ది లాండ్ బి సర్వేయ్డ్’ అని ఉత్తరువు వచ్చినచో, భూమిని కొలువవలసినదని ఆజ్ఞ. కొలత జరిగినదని గాని, జరుగుచున్నదని గాని అందు లేదు. ‘ఈజ్’ స్థానమున వచ్చిన ‘బి’ దానికి గుర్తు. కొలత అయిపోయినదనుకొని ఇంట కూర్చున్నవానికి హద్దురాయి దగ్గఱ ఉండవలసిన దినము దాటిపోవును.

వెయ్యి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున ఈ రీతికి ప్రత్యేకమైన ప్రత్యయములు ఉండెడివి. కాలక్రమమున అవి అరిగిపోయి, నేడు చివరి అక్షరము లేని క్రియ, ‘బి’, ‘వర్’ అను మూడు గుర్తులు మాత్రము మిగిలినవి. కోరికలే గుఱ్ఱములైనచో బిచ్చగాండ్రును స్వారి చేయుదురని అర్థము వచ్చు సామెత యొకటి ఆంగ్లమున కలదు. అందు ‘ఆర్’ అనక ‘వర్’ అనుటయే, కోరికలు గుఱ్ఱములు కావని ముందే చెప్పివేయుచున్నది. ‘ఇఫ్ ఐ వర్ యు’ అనుటయు అట్టిదే. నేను నీవు కాను కదా! సంభాషణలో ఆంగ్లేయులు ‘ఇఫ్ ఐ వాజ్ యు’ అనియు అందురు. శ్రద్ధగా వ్రాయు వ్రాతలో ‘వర్’ నిలిచియున్నది. 1926లో ఫౌలరు అను పండితుడు తన ఆంగ్లప్రయోగ నిఘంటువున, కొన్ని చోట్ల తప్ప సబ్జంక్టివ్ అవసానదశకు వచ్చినదని వ్రాసెను. అయినను ఆజ్ఞను తెలుపు రూపము మాత్రము ఇరువదవ శతాబ్దమున అమెరికావారి వ్రాతలలో బాగుగా వ్యాపించి, ఇంగ్లండునకు సైతము మఱలివచ్చినది.

‘వర్’, ‘వాజ్’ భేదము సాక్ష్యములలో అక్కఱకు వచ్చును. ‘ఇఫ్ హి వాజ్ ఇన్ ది విలేజ్ యెస్టర్డే, హి సా ది ఫైర్’ అనిన, నిన్న అతడు ఊరిలో ఉన్నచో మంటను చూచియే యుండును. ఉన్నాడో లేడో చెప్పువాడు ఎఱుగడు. ఇది నిజమైన భూతకాలము, తలుపు తెఱచియున్న వాక్యము. ‘ఇఫ్ హి వర్ ఇన్ ది విలేజ్’ అనిన మాత్రము, అతడు ఊరిలో లేడని చెప్పువాని నమ్మకము.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. క్రియ యొక్క వేషము వ్రాసినవాని మనసును చెప్పును. లోకమున ఉన్న నిజమును చెప్పదు. మన దేశమున అమలునందున్న 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమున 31 మొదలు 36 వఱకు గల సెక్షనులు ‘ఇఫ్’ మీదనే నడచుచున్నవి. అనిశ్చితమైన సంగతి జరిగినచో ఇచ్చెదనను ఒప్పందము, ఆ సంగతి జరిగినగాని అమలునకు రాదు. అది జరుగుట అసాధ్యమైనచో ఒప్పందము చెల్లదు. ఆ చట్టమున ఉదాహరణములు కూడ ఇచ్చిరి. ఇల్లు కాలినచో పదివేల రూపాయలు ఇచ్చెదనని ఒకడు ఒప్పుకొనిన, అది ఇట్టి షరతు ఒప్పందము. రెండు సరళరేఖలు ఒక స్థలమును చుట్టివేసినచో వేయి రూపాయలు ఇచ్చెదననిన, అది మొదటినుండియు చెల్లదు. నా కుమార్తెను వివాహమాడినచో వేయి రూపాయలు ఇచ్చెదననిన, ఆ కన్య అప్పటికే మరణించియుండెనేని అదియు చెల్లదు. ఈ కడపటిదానిని చూడుడు. వాక్యమున క్రియలన్నియు తలుపు తెఱచిన వేషముననే ఉన్నవి. తలుపునకు అవతల మాత్రము ఎవరును లేరు. కావున పత్రమును చదువునప్పుడు రెండు పరీక్షలు చేయవలెను. వ్రాసినవాడు ఏమనుచున్నాడు అని వ్యాకరణమును అడుగవలెను. ఆ సంగతి జరుగునా అని లోకమును అడుగవలెను. మొదటిదానికి చదువుకొన్న మనుమడు చాలును. రెండవదానికి మీ అనుభవమే కావలెను.

ఇక ఆంగ్లపత్రము ఇంటికి వచ్చినప్పుడు చదువువానిని మీరు అడుగవలసిన ప్రశ్నలు మూడు చెప్పి ముగించెదను. ఇందులో షరతు ఎక్కడ ఉన్నది, ‘ఇఫ్’ రూపమున ఉన్నదా, లేక ‘షుడ్’, ‘హాడ్’, ‘వర్’, ‘అన్‌లెస్’ చాటున దాగియున్నదా? ఇది మొదటి ప్రశ్న. షరతు తీరిన పిదప జరుగు పనికి ‘విల్’ ఉన్నదా, ‘వుడ్’ ఉన్నదా? ఇది రెండవది. చెప్పిన పని జరిగిన వార్తయా, జరుగవలెనను ఆజ్ఞయా? ఇది మూడవది. మీకు ఒక్క ఆంగ్లాక్షరము రాకపోయినను ఈ ప్రశ్నలు అడుగవచ్చును. చదువువాడు వీనికి తడుముకొనిన, ఆ కాగితము మీద వ్రేలిముద్ర గాని, చేవ్రాలు గాని పెట్టకుండ, తెలిసినవారికి మఱొకరికి చూపించుడు. ఒక్క దినము ఆలస్యమైన అయినది. పొలమును, బంగారమును, బాలుని జీవనమును ఒక చిన్నమాటకు విడిచిపెట్టరాదు.